కుంట తవ్వే ముందు

చి.ల.సౌ. సునీతకు మామయ్య దీవెనలు.

నీ మెసేజ్ చూశాను. కుంటలో కొరమీను వేయాలా, రవ్వ వేయాలా అని అడిగావు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ వరస. కొన్నది చెల్క భూమి, ఇసుక పాలు ఎక్కువున్న ఎర్ర నేల. అక్కడ నీళ్లు నిలుస్తాయో లేదో ముందు తేలాలి. అందుకే చేపల మాట ఆఖర్న చెప్తాను, అంతవరకూ ఓపిక పట్టు.

ఇంకా రెండు మూడు గట్టి వానలు పడతాయి. పడుతున్నప్పుడే గొడుగు పట్టుకుని పొలమంతా తిరుగు. నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయి, ఎక్కడ కూడుతున్నాయి, ఏ మూల నుంచి పక్క పొలంలోకి పోతున్నాయి అన్నది చూసి అక్కడక్కడా గుంజలు పాతిపెట్టు. ఎండాకాలంలో చూస్తే భూమంతా ఒకేలా కనిపిస్తుంది, జేసీబీ వాడు తనకు వీలైన చోట తవ్వి పోతాడు. ఊళ్లో గ్రామ నక్షా కూడా చూడు. ఒర్రె గానీ వాగు గానీ నీ భూమిలోంచి పోతున్నట్టు ఉంటే దానికి అడ్డంగా కట్ట వేయకు. కింద చెరువు ఉన్నవాళ్లతో తగవు, పైగా నీళ్లు, భూమి, చెట్ల రక్షణకు ఉన్న వాల్టా చట్టం కింద ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ఇక లెక్క. ఎకరం నేల మీద అంగుళం వాన పడితే సుమారు లక్ష లీటర్లు. అందులో చాలా భాగం నేలే తాగేస్తుంది, పారి వచ్చేది ఐదో వంతు అనుకో. మీ వైపు ఏడాదికి ఇరవై నాలుగు అంగుళాల వాన ఉంటుంది. కుంటకు పైన ఐదెకరాల వాలు ఉంటే ఇరవై లక్షల లీటర్ల పైచిలుకు వస్తాయి. నువ్వు అనుకుంటున్న పది గుంటల కుంట, అంటే పావెకరం, 120 అడుగుల పొడవు, 90 వెడల్పు, ఎనిమిది అడుగుల లోతు అయితే, పట్టేది పదిహేడు లక్షల లీటర్ల చిల్లర. సరిపోతుంది. పైన వాలు రెండెకరాలే ఉంటే మాత్రం కుంట సైజు తగ్గించు. సగం ఎండిన పెద్ద కుంట కన్నా నిండిన చిన్న కుంట మేలు.

మట్టి పరీక్షకు ల్యాబు అక్కర్లేదు. కుంట అనుకున్న చోట ఐదడుగుల గుంత తీయించి, దాని అడుగున ఉన్న మట్టి పిడికెడు తీసుకుని తడిపి ముద్ద చెయ్యి. ఆ ముద్దను తలెత్తు ఎగరేసి పట్టుకో. పగలకపోతే రెండు అరచేతుల మధ్య వత్తి పెన్సిలంత తాడు చేసి చూడు. పగుళ్లు లేకుండా వంగితే బంకమట్టి ఉన్నట్టే. వేళ్ల మధ్య గరగరమని రాలితే నీళ్లు నిలవవు. తర్వాత ఆ గుంత నిండా నీళ్లు పోయించు. మొదటిసారి పోసినవి ఇంకిపోతే కంగారుపడకు, ఎండిన నేల తాగక మానదు. రెండోసారి సాయంత్రం పోసి, తెల్లారి ఎంత దిగిందో పుల్లతో కొలువు. అసలు లెక్క అదే.

ఇంకితే ప్లాస్టిక్ షీటు వేయమని నీకు చాలామంది చెప్తారు. డ్రిప్పు పెట్టుకుని పంట తడపడానికి అది మంచిదే. నీకు కావాల్సింది కప్పలు, తూనీగలు, తామరలు ఉండే కుంట కదా, దానికి షీటు పనికిరాదు. దగ్గరి చెరువులో పూడిక తీస్తుంటే ఆ నల్ల ఒండ్రు తెప్పించు. అడుగునా, పక్కలకూ జానెడు మందాన పరిచి, తడిపి, తొక్కించాలి. రోలర్ దొరక్కపోతే గొర్ల కాపరితో మాట్లాడుకో. పొలంలో మంద పెట్టించినట్టే కుంట అడుగున నాలుగు రాత్రులు మంద పెట్టించు. గొర్ల గిట్టలు మట్టిని గట్టిగా తొక్కుతాయి, పెంటికల ఎరువు ఉచితం. అయినా మొదటి ఏడాది కొంత ఇంకుతుంది. వాన నీటితో వచ్చే సన్నటి ఒండ్రు పేరుకున్న కొద్దీ అదే తగ్గుతుంది.

తవ్వకం మార్చి, ఏప్రిల్‌లో పెట్టుకో. జేసీబీ డ్రైవరు పని త్వరగా తెమలాలని గోడలు నిలువుగా కోసేస్తాడు. ఒప్పుకోకు. ప్రతి అడుగు లోతుకు రెండడుగులు పక్కకు జరిగే వాలు కావాలి, లేకపోతే మొదటి వానకే అంచులు జారి కుంట పూడుతుంది. సున్నంతో పై గీత, అడుగు గీత రెండూ వేయించి దగ్గర నిలబడు. ఒక పక్క మాత్రం వాలు ఇంకా తగ్గించి, మోకాలి లోతులో వెడల్పాటి మెట్టు వదిలించు. తామర, తుంగ అక్కడే పెరుగుతాయి, కప్ప గుడ్లు పెట్టేదీ అక్కడే.

పై మట్టిని విడిగా కుప్ప పోయించు, అది చెట్లకు పనికొస్తుంది. దాన్ని కట్టలో కలిపితే అందులోని వేళ్లూ ఆకులూ కుళ్లి బొరియలు పడతాయి. కట్ట జానెడు జానెడు చొప్పున తడిపి దిమ్మిస కొడుతూ పైకి లేపాలి. కట్ట మీద గరిక, వట్టివేరు నాటు. వేప, రావి, తుమ్మ ఏవీ వద్దు. మత్తడి మాత్రం మరిచిపోవద్దు. కట్ట కన్నా రెండడుగులు కిందగా, గట్టి నేల వైపు రాళ్లు పరిచి, మిగులు నీరు తాపీగా పోయేలా పెట్టించు. కుంటలు తెగేది ఎక్కువగా మత్తడి చిన్నదై నీళ్లు కట్ట మీదుగా పొర్లినప్పుడే. నీళ్లు వచ్చే చోట చిన్న గుంత తీస్తే ఇసుక అందులో ఆగుతుంది. ఏటా ఎత్తి పోసుకోవచ్చు.

తామర నేలలో వదిలితే మూడేళ్లలో కుంటంతా తనదే అంటుంది. సిమెంటు తొట్టిలో పెట్టి దించు. గుర్రపుడెక్క ఎవరు పువ్వు బాగుందని ఇచ్చినా తీసుకోకు.

ఇప్పుడు చేపలు. కుంట నిండాక ఓ నెల ఊరుకో. నీళ్లు రాకముందే అడుగున పాతిక కిలోల సున్నం చల్లించి ఉంచాలి. చేప పిల్లలు వేయడానికి రెండు వారాల ముందు రెండు మూడు క్వింటాళ్ల పేడ వేస్తే నీరు పచ్చబడుతుంది. ఆ పచ్చదనమే చేపకు తిండి. చెయ్యి మోచేతి దాకా ముంచి చూడు. అరచెయ్యి మసకగా కనిపించీ కనిపించనట్టు ఉంటే సరి. మణికట్టు దాకా ముంచేసరికే చెయ్యి కనిపించకపోతే పేడ ఎక్కువైంది. గోళ్లు కూడా లెక్కపెట్టగలిగితే ఇంకా తిండి పుట్టలేదు.

బొచ్చె పై నీళ్లలో తింటుంది, రవ్వ మధ్యలో, మోసు అడుగున. నాలుగు పాళ్లు బొచ్చె, మూడు రవ్వ, మూడు మోసు వేస్తే ఒకదాని తిండికి ఒకటి అడ్డు రాదు. మేత పెట్టి పెంచేవాళ్లు ఎకరాకు రెండు వేల పిల్లలు వేస్తారు. నువ్వు మేత పెట్టనంటున్నావు కనుక నీ పది గుంటలకు 250 చాలు. వేలెడంత పిల్లలు తీసుకో, చీమంతవి కొంటే కొంగలకు పెట్టినట్టే. ఈ మూడూ పారే నది నీళ్లలో గుడ్లు పెట్టే జాతి, నిలవ నీళ్లలో పెట్టవు. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త ఇంజెక్షన్‌తో గుడ్లు పెట్టించాకే మనకు ఇలా హేచరీల్లో విత్తనం దొరుకుతోంది. అంతకుముందు నదుల్లో ఏరుకొచ్చేవాళ్లు. కాబట్టి ఏటా పిల్లలు కొనాల్సిందే.

బంగారు తీగ కుంటలోనే పిల్లలు పెడుతుంది గానీ బురద తవ్వి కట్ట అంచులు పాడుచేస్తుంది. గడ్డి చేప నీ తామరలను మిగల్చదు. తిలాపియా పిల్లల మీద పిల్లలు పెట్టి ఏదీ ఎదగకుండా చేస్తుంది. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ మీద ప్రభుత్వ నిషేధం ఉంది, చవగ్గా ఇస్తానన్నా వద్దు. నీకు ఇష్టమైన కొరమీను రుచికి సాటి లేదు, మన తెలంగాణ రాష్ట్ర చేప కూడా అదే. కానీ వేటాడి తినే చేప. మిగతావి అరకిలో దాటాక నాలుగైదు వేసుకో. వానల్లో అది గడ్డిలో పాకి బయటికి పోతుంది, మత్తడికి జాలీ బిగించు.

పిల్లలు తెచ్చిన కవరు మూతి విప్పకుండా పావుగంట నీళ్లలో తేలనివ్వు. తర్వాత కుంట నీళ్లు దోసెడు దోసెడు కలిపి, సాయంత్రం చల్లబడ్డాక వదులు. మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున వెళ్లి చూస్తుండు. చేపలు నోళ్లు తెరిచి పైకి తేలుతుంటే గాలి అందడం లేదన్నమాట. రాత్రంతా నాచు కూడా ప్రాణవాయువు వాడుకుంటుంది కదా. పేడ ఆపేసి బోరు నీళ్లు పైనుంచి ధారగా పడనివ్వు. మార్చి కల్లా వల వేసి పట్టుకో. ఎండల్లో రోజుకు సెంటీమీటరు దాకా ఆవిరైపోతుంది.

మొదటి ఏడాది పాములు కనిపించి టెన్షన్ పడతావు. ఎక్కువగా నీరుకట్టెలే, విషం లేదు, కొట్టించకు.

కంచె మాత్రం నీళ్లు రాకముందే వేయించు. పొలాల్లో కుంటల్లో పడి చిన్నపిల్లలు చనిపోతున్న వార్తలు ఏటా చూస్తూనే ఉన్నాం. నాలుగు మూలలా గుంజలకు ముడులు వేసిన లావుపాటి తాడు నీళ్లలోకి వేలాడదీయి, ఒక ట్రాక్టరు ట్యూబు గాలి కొట్టి గట్టున కట్టి ఉంచు. జేసీబీ వాడితో రేటు మాట్లాడే రోజు నాకు ఫోన్ చెయ్యి, ఆ వాలు సంగతి నేనే చెప్తాను. అల్లుడు గారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య