హ్యాంగర్‌కి తగిలించి చూసి మురిసిపోకు

అమ్మడూ,

బరంపురంలో మీ స్కూలు పిల్లల చేత స్వాన్ లేక్ అనే హంసల బ్యాలేలో ఒక ముక్క ఆడిస్తున్నారట, డ్రెస్సులూ స్టేజీ రెండూ నీ నెత్తినే పడ్డాయట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నువ్వు పంపిన బొమ్మలు చూశాను. బాగున్నాయి, కానీ అందులో పిల్లలంతా కదలకుండా నిలబడి ఉన్నారు! గుడ్డ కొనకముందు రిహార్సల్‌కెళ్లి కూర్చో. చెయ్యి ఎంత పైకి లేస్తోంది, ఎవరు ఎవరి నడుం పట్టుకుని ఎత్తుతున్నారు, ఇద్దరి మధ్య ఎంత జాగా ఉంటోంది, ఇవన్నీ రాసుకున్నాకే టేపు తియ్యి.

టూటూకి, అదే ఆ నెట్ పొరల బ్యాలే పావడాకి, లోపల తీగ రింగు వేద్దామనుకుంటున్నావు కదా, వద్దు. ఇరుకు స్టేజీ మీద ఒకరి అంచు పక్కపిల్లకి తగిలిందంటే రెండో వైపు తటాలున పైకి లేస్తుంది, జనం నవ్వుతారు. న్యూయార్క్‌లో నృత్యదర్శకుడు బాలన్‌షీన్ బ్యాలేలకి కుట్టిన బార్బరా కరిన్‌స్కా 1950లో ఆ రింగే తీసేసి, పొట్టి నెట్ పొరల్ని వదులుగా టాకా వేసి మెత్తటి టూటూ చేసింది. మన హాళ్లకి అదే మేలు. జాకెట్టులో కొన్ని ముక్కలు క్రాస్‌గా కత్తిరించడం కూడా ఆవిడ పద్ధతే, ఊపిరి తీసినప్పుడల్లా గుడ్డ సాగుతుంది. చంక కింద చిన్న ముక్క అతకడం మాత్రం మర్చిపోకు, లేకపోతే చెయ్యి ఎత్తగానే జాకెట్టంతా పైకి వచ్చేస్తుంది.

బరంపురం పట్టు మీద నీకున్న మోజు తెలుసు, గుడి గోపురాల్లాంటి ఆ కుంభం అంచంటే నాకూ ప్రాణమే. అయినా గిరగిరా తిరిగే పిల్లకి ఆ బరువెందుకు? రాకుమారుడి తల్లి ఎక్కువసేపు కూర్చునే ఉంటుందిగా, ఆవిడకి కట్టు. దూరానికి చిన్న కుంభాలు ఒట్టి గీతలా కనిపిస్తాయి, కాబట్టి వేరే గుడ్డతో పెద్దవి కోసి అతికించు. మీ ఊరి ఠాకురాణి జాతరలో పులి వేషం వీధి చివర్నుంచే తెలుస్తుందంటే చారలు అంత లావుగా వేస్తారు మరి.

తెర వేసేవాడు నీ గుడ్డలు చూడకుండా రంగు కలపకూడదు. 1910లో పారిస్‌లో షెహరజాద్ అనే బ్యాలేకి తెరలూ డ్రెస్సులూ రెండూ బాక్స్ట్ అనే చిత్రకారుడు ఒక్కడే గీశాడు, అందుకే ఆ ముదురు పచ్చా నీలం మధ్య మనుషులు కలిసిపోకుండా వెలిగిపోయారు. నీ హంసలు తెల్లనివి, వెనక లేత నీలం పెట్టావంటే వాళ్లు కనపడరు, ముదురుగా వెయ్యమను. లైటబ్బాయితో కూడా ముందే మాట్లాడు. ఎర్ర లైటు పడితే పచ్చ గుడ్డ నల్లబడిపోతుంది. సరస్సుకి నెట్ తెర కట్టి చూడు, ముందు నుంచి ఏటవాలుగా లైటు వేస్తే గోడలా ఉంటుంది, అది ఆర్పి వెనక వేస్తే తెర మాయమై లోపలున్న పిల్లలు కనిపిస్తారు. ఖర్చు తక్కువ, చప్పట్లు ఎక్కువ.

ఇంకోటి, ఇది తమాషా కాదు. 1862లో పారిస్ ఒపెరా రిహార్సల్‌లో ఎమ్మా లివ్రీ అనే నర్తకి పావడాకి గ్యాస్ దీపం అంటుకుంది, నెలల తరబడి నరకం పడి మరుసటి ఏడాది పోయింది. మంట అంటకుండా మందులో ముంచిన గుడ్డ అప్పటికే ఉంది, గరుకుగా ఉందని ఆ పిల్లే వద్దంది. నైలాన్ నెట్ అయితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది కూడా. అందుకని జ్యోతి వెలిగించేటప్పుడు టూటూలు వేసుకున్న పిల్లల్ని కుందె దగ్గరికి రానివ్వకు, పెద్దలెవరు పిలిచినా సరే.

డ్రెస్ రిహార్సల్ ఎప్పుడో చెప్పు, పర్లాకిమిడి నుంచి పొద్దున బస్సుకి వస్తాను. నెట్ కొనే ముందు ఒక మీటరు తెచ్చి నలిపి చూడు, ముడత పోకపోతే ఆ కొట్టు వదిలెయ్.

మీ మావయ్య