'చూడటానికి' ఉంటే 'ఫర్' పెట్టొచ్చా?

సందేహం: డీఎస్సీకి చదువుతున్నాను. 'అక్కను చూడటానికి రాజోలు వెళ్ళాడు' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యంలో ఖాళీకి 'ఫర్ సీయింగ్, టు సీ, సో దట్ సీ' అని ఆప్షన్లు ఇచ్చారు. తెలుగులో 'చూడటానికి', 'చూడటం కోసం' రెండూ ఒప్పే కదా, మరి 'ఫర్ సీయింగ్' తప్పెందుకయింది? – ఒక పాఠకురాలు, అమలాపురం

సమాధానం: జవాబు 'టు సీ'యే. మిమ్మల్ని 'ఫర్' వైపు లాగింది మన తెలుగు. 'చూడటం' అనే క్రియానామానికి 'కి' చేర్చినా 'కోసం' చేర్చినా మనకు ఉద్దేశం తెలిసిపోతుంది. ఇంగ్లీషులో మనిషి ఒక పని తలపెట్టి ఇంకో పని చేస్తే 'టు' పెట్టి మూలక్రియ రాయాలి. 'ఇన్ ఆర్డర్ టు', 'సో యాజ్ టు' కూడా అంతే, కాస్త దర్జాగా ఉంటాయి. 'ఫర్' పెట్టి 'ఇంగ్' చేర్చే రూపం ఎక్కువగా వస్తువు దేనికి పనికొస్తుందో చెప్పేది. బొండాలు కొట్టడానికి వాడే కత్తి 'ఎ నైఫ్ ఫర్ కటింగ్ కోకోనట్స్'.

అనుమానం వస్తే తెలుగు వాక్యంలోనే 'ఆలని' పెట్టి చూడండి. 'అక్కను చూడాలని వెళ్ళాడు' కుదిరింది, అది ఉద్దేశం. 'బొండాలు కొట్టాలని కత్తి' కుదరదు.

తర్వాత కర్తలను చూడాలి. 'చేలకు నీళ్ళు అందడానికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టారు' అంటాం. 1852లో అది పూర్తిచేసినవాళ్ళు వేరు, అందాల్సిన నీళ్ళు వేరు. ఇలాంటి చోట పరీక్షవాళ్ళు అడిగేది 'సో దట్ వాటర్ కుడ్ రీచ్ ది ఫీల్డ్స్' అనే రూపం. కర్త ఒకరే అయినా 'సో దట్' వాడొచ్చు, కానీ కర్తను మళ్ళీ చెప్పాలి: 'సో దట్ హి కుడ్ సీ'. 'సో దట్ సీ' అందుకే ఎగిరిపోయింది. ముందు క్రియ భూతకాలంలో ఉంటే 'కెన్, విల్' కాకుండా 'కుడ్, వుడ్' వెతకండి.

అసలు టెన్షన్ పెట్టేది 'కుండా'. మీరు అడగలేదు గానీ, రేపు దీని దగ్గరే మార్కు పోతుంది. 'ధాన్యం తడవకుండా బరకం కప్పాడు', 'ధాన్యం తడవకుండా మిల్లుకు చేరింది' – మాట ఒకటే, పని వేరు. 'కుండా' తీసి 'కూడదని' పెట్టండి. 'తడవకూడదని కప్పాడు' బాగుంది. 'తడవకూడదని మిల్లుకు చేరింది' అంటే ధాన్యానికి బుద్ధి పుట్టినట్టుంది! మొదటిదానికి 'సో దట్ ఇట్ వుడ్ నాట్ గెట్ వెట్', రెండోదానికి 'వితౌట్ గెటింగ్ వెట్'. బస్సు తప్పిపోకుండా పెందలాడే బయల్దేరినవాడి విషయంలో కర్త ఒకరే గనక 'సో యాజ్ నాట్ టు మిస్' చాలు. ఉత్త 'నాట్ టు మిస్' కూడా ఆప్షన్లలో కనిపిస్తుంది, దాని జోలికి వెళ్ళకండి.

'లెస్ట్' మామూలు మాటల్లో ఎవరూ పెద్దగా వాడరు, ప్రశ్నపత్రాలు మాత్రం దాన్ని వదలవు. అందులోనే 'కూడదని' ఉంది కాబట్టి తర్వాత 'నాట్' రాదు; 'షుడ్' ఉన్న ఆప్షన్ పెట్టెయ్యండి.