తిరుపతిలోనే ఉంటూ ఆడియో మాస్టరింగ్, ప్లగిన్ల కోడింగ్ రెండూ చేయొచ్చా?

బీటెక్ మూడో ఏడాదిలో ఉన్నాను, కచేరీలు వింటూ పెరిగాను, మాస్టరింగ్ నేర్చుకోవాలా లేక ఆడియో సాఫ్ట్‌వేర్ రాయడమా, అందుకు చెన్నై వెళ్లాలా అని అడిగావు తమ్ముడూ. నేను తిరుపతిలోనే ఉంటూ ఈ రెండు పనులూ చేస్తున్నాను. మాస్టరింగ్ అంటే పాట విడుదలకు ముందు దాని శబ్దానికి చివరి మెరుగులు దిద్దడం, ప్లగిన్ అంటే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాం. నన్నడిగితే రెంటిలో ఏదీ వదలొద్దు. మాస్టరింగ్‌లో చెవికి తగిలిన లోపమే కోడ్‌కు పని చెబుతుంది. పారామెట్రిక్ ఈక్వలైజర్ (శబ్దంలో కావలసిన ఫ్రీక్వెన్సీని ఎంచుకుని పెంచే, తగ్గించే సాధనం) మీద 1972లో పేపర్ సమర్పించిన జార్జ్ మాసెన్‌బర్గ్ కూడా రికార్డింగ్ ఇంజనీరే.

నా అనుభవం చెప్తా. మనూళ్లో నాదస్వరం, డోలు రికార్డింగులు దండిగా ఉంటాయి. డోలు మీద గట్టి దెబ్బ పడగానే లిమిటర్ (శబ్దం ఒక హద్దు దాటకుండా ఆపే సాధనం) మొత్తం శబ్దాన్ని నొక్కుతుంది, దెబ్బ అయిపోగానే వదులుతుంది. ఆ వదలడం, అంటే రిలీజ్, మరీ త్వరగా జరిగితే దెబ్బకూ దెబ్బకూ మధ్య వెనక మోగే శ్రుతి నాదం ఉబ్బుతుంది, మళ్లీ తగ్గుతుంది. ఆ నాదం అట్లా ఊగితే కచేరీలు వినే చెవి ఇట్టే పట్టేస్తుంది. పోనీ నెమ్మదిగా వదులుదామంటే, ఒక్క దెబ్బ పడినా ఆ తర్వాత వాయించే సంగతి మొత్తం అణిగిపోతుంది. అందుకే నేను రాసిన లిమిటర్‌లో రెండు రిలీజులు పెట్టాను. విడి దెబ్బ పడితే వెంటనే వదిలేది ఒకటి, దెబ్బలు వరసగా పడుతుంటే సెకనుకు పైగా తీసుకుని మెల్లగా వదిలేది ఇంకొకటి. ఈ పద్ధతి ఫెయిర్‌చైల్డ్ 670 అనే పాత లిమిటర్‌లోనే ఉంది. డోలుకు సరిపడే అంకెలు మాత్రం డోలు వింటేనే దొరుకుతాయి. శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉన్న ఊళ్లో ఉన్నావు. మైకు లేకుండా వాయిద్యం ఎట్లా మోగుతుందో దగ్గర కూర్చుని విను. ఆ జ్ఞాపకమే మాస్టరింగ్‌లో నీకు కొలత.

కోడ్ సంగతికొస్తే సీ ప్లస్ ప్లస్, దాని మీద ప్లగిన్లు రాయడానికి వాడే జ్యూస్ (JUCE) ఫ్రేమ్‌వర్క్. నేర్చుకునేటప్పుడు డబ్బు కట్టక్కర్లేదు. రాబర్ట్ బ్రిస్టో-జాన్సన్ అందరికీ ఉచితంగా ఇచ్చిన ఫార్ములాలతో ఈక్వలైజర్లకు పునాది అయిన బైక్వాడ్ ఫిల్టర్ ఒకటి రాయి. కాలేజీలో పెద్దగా చెప్పని విషయం ఒకటుంది. 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు 48,000 శాంపిళ్లు) దగ్గర ఒక్కో విడతకు 64 శాంపిళ్ల బఫర్ అంటే, ఆ విడత పూర్తిచేయడానికి నీ చేతిలో ఉండేది 1.33 మిల్లీసెకన్లే. ఆ పని చేసే ఆడియో థ్రెడ్‌లో కొత్తగా మెమరీ అడగకూడదు, ఫైలు తెరవకూడదు, లాక్ కోసం ఆగకూడదు. ఆలస్యమైతే స్పీకర్‌లో టప్ మంటుంది. అది పాడేవాళ్ల హెడ్‌ఫోన్‌లోనే పడుతుంది.

మాస్టరింగ్‌కు పాట ఇచ్చేవాళ్ల నుంచి 'ఇంకా లౌడ్‌గా చేయండి' అనే మాట రోజూ వింటావు. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో పాటను మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే లౌడ్‌నెస్ కొలత) దగ్గరికి తెస్తుంది. నువ్వు మైనస్ 8కి తోస్తే అది 6 డెసిబెల్స్ తగ్గిస్తుంది. మిగిలేది పదును పోయిన డోలు. రెండు వెర్షన్లూ ఒకే లెవెల్లో వినిపించు, తక్కువ తోసిందే బాగుందని ఎక్కువమంది తామే ఒప్పుకుంటారు.

ఖరీదైన స్పీకర్ల కన్నా ముందు గది చూసుకో. గోడకూ గోడకూ మధ్య 3 మీటర్లుండే చదరపు గది 57 హెర్ట్జ్ దగ్గర తానే మోగుతుంది. పల్చటి ఫోమ్ దాన్ని ఆపలేదు, మూలల్లో శబ్దాన్ని పీల్చే రాక్‌వూల్ మందంగా పెట్టాలి.

చెన్నైకి మకాం మార్చక్కర్లేదు. ఫైళ్లు నెట్‌లోనే వస్తాయి, మనుషుల్ని కలవాలంటే బస్సులో వెళ్లి రావచ్చు. డబ్బు విషయం దాచను. మాస్టరింగ్‌కు పాటకింత అని వస్తుంది, కచేరీల సీజన్‌లో ఎక్కువ. సొంత ప్లగిన్ల అమ్మకం మెల్లగా పెరుగుతుంది. నాకు నెలనెలా నిలకడగా వచ్చేది మాత్రం బయటి కంపెనీలకు కాంట్రాక్టు మీద రాసే డీఎస్‌పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్) కోడ్ నుంచే. కాబట్టి డిగ్రీ పూర్తిచెయ్, సిగ్నల్ ప్రాసెసింగ్ పేపర్‌ను పాసయితే చాలనుకోకుండా చదువు.