బెజవాడ బారులో క్రాఫ్ట్ బీర్ టేస్టింగ్: ఎన్ని సీసాలు, ఎంత చల్లదనం, ఏ వరస

మీ ప్రశ్న సారాంశం ఇది: బెంజ్ సర్కిల్ దగ్గర తెలిసినవాళ్ల బారులో నెలకోసారి పదహారు మందితో క్రాఫ్ట్ బీర్ (చిన్న కంపెనీలు రకరకాల రుచులతో కాచే బీరు) టేస్టింగ్ పెడదామనుకుంటున్నారు. ఎన్ని రకాలు పెట్టాలి, ఎంత బీరు తెప్పించాలి, మంచింగ్ ఏం ఇవ్వాలి, మనిషికి ఎంత తీసుకోవాలి అని అడిగారు. ఇలాంటి సాయంత్రాలు నడిపే పనిలో ఉన్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

అన్నిటికంటే ముఖ్యమైనది ముందే చెబుతాను. పదహారు గ్లాసుల్లోనూ అదే బీరు, అదే చల్లదనంతో, అదే నురగతో పడాలి. ఇది కుదరకపోతే ఎన్ని ఖరీదైన బ్రాండ్లు తెచ్చినా లాభం లేదు. పక్కపక్కన కూర్చున్న ఇద్దరు రెండు వేరు బీర్లు తాగుతూ ఒకే బీరు గురించి వాదించుకుంటారు.

సరుకు సంగతి. మన రాష్ట్రంలో బారుకు బీరు రావలసింది బెవరేజెస్ కార్పొరేషన్ డిపో నుంచే. హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో గోవా నుంచో మిత్రులు తెచ్చిన సీసాలు ఎంత మంచివైనా బారు టేబుల్ మీద పెట్టకండి. ఇక్కడ సుంకం కట్టని సరుకు దొరికితే పోయేది బారు లైసెన్సు. అందుకని రెండు వారాల ముందే మేనేజర్‌ని కూర్చోబెట్టి డిపోలో ఏమేం దొరుకుతున్నాయో జాబితా రాయించుకోండి, ఆ జాబితాలోంచే కార్యక్రమం అల్లుకోండి. లేబుల్ మీద ప్యాకింగ్ తేదీ తప్పకుండా చూడండి. బార్లలో మామూలుగా దొరికే తేలిక బీరు లాగర్ కొంత ఓర్చుకుంటుంది గానీ, హాప్స్ (బీరుకి చేదూ సువాసనా ఇచ్చే పూలు) మీద బతికే ఐపీఏ, అంటే ఇండియా పేల్ ఏల్ అనే చేదు బీరు, మూడు నెలలు దాటిందంటే సగం పోయినట్టే. ఎండాకాలంలో లారీలో, గోడౌన్‌లో వేడెక్కిన సీసాలకు తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది. అది ఆక్సిజన్ చేసే పని, వేడి దాన్ని తొందరపెడుతుంది. మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టినా ఆ వాసన పోదు.

డబ్బులు మీ ఫోన్‌కి వేయించుకోవద్దు. మీరు వసూలు చేసి మీరే పోస్తే అమ్మినవాళ్లు మీరవుతారు, మీకేమో లైసెన్సు లేదు. బిల్లు బారు పేరు మీదే రావాలి. మద్యం జీఎస్టీ పరిధిలో లేదు, దాని మీద పడేది రాష్ట్ర వ్యాట్, తిండికి జీఎస్టీ. కాబట్టి బిల్లులో రెండూ విడివిడిగా ఉంటాయని ముందే చెప్పండి. ఇరవై ఒకటి నిండనివాళ్లకు మన రాష్ట్రంలో మద్యం పోయకూడదు. కాలేజీ కుర్రాళ్లలా కనిపించేవాళ్లను గుర్తింపు కార్డు అడగడానికి మొహమాటపడొద్దు.

ఇక లెక్క. ఐదు రకాలు, రకానికి మనిషికి 100 మిల్లీలీటర్లు. ఐదూ కలిపితే అర లీటరు. 5 శాతం బీరైతే అందులో సుమారు 20 గ్రాముల ఆల్కహాల్. ఆరో రకం పెట్టమని ఎవరో ఒకరు అడుగుతారు, ఒప్పుకోకండి. ఐదు దాటాక ముక్కు అలిసిపోతుంది, ఆపైన పోసింది టేస్టింగ్ కాదు, తాగుడే. పదహారు మందికి రకానికి 1,600 మిల్లీలీటర్లు కావాలి. 650 సీసాలో నురగకీ అడుగు మడ్డికీ పోగా ఆరు గ్లాసులు వస్తాయి కాబట్టి మూడు సీసాలు. 330 పింట్ అయితే మూడేసి గ్లాసుల చొప్పున ఆరు. 500 టిన్నులో నాలుగు గ్లాసులు నిండుగా వస్తాయి, ఐదోది అర్ధమే, అందుకని నాలుగు టిన్నులు తెప్పించండి. వీటికి తోడు ప్రతి రకానికీ ఒక సీసా అదనంగా ఉంచండి, ఏదో ఒకటి పాడై ఉంటుంది. మూత తీయని సీసాలు బారు వెనక్కి తీసుకునేలా ముందే మాట్లాడుకోండి.

పెగ్గు కొలతతో బీరు కొలవబోకండి, నురగంతా దాంట్లోనే పోతుంది. ఒక గ్లాసులో 100 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, బయట ఆ మట్టానికి టేపు ముక్క అంటించండి. పోసే మనిషి ఎడమ చేతి దగ్గర ఆ గ్లాసు ఉంటే చాలు, పదో గ్లాసుకల్లా కన్ను అలవాటు పడుతుంది. ఎనిమిది మందికి ఒక మనిషి చొప్పున పోసేవాళ్లు ఇద్దరు కావాలి.

చల్లదనం దగ్గరే మన ఊళ్లో ఎక్కువ టేస్టింగులు చెడిపోతాయి. బారు ఫ్రిజ్ రెండు మూడు డిగ్రీల దగ్గర ఉంటుంది, ఎందుకంటే మేలో నలభై దాటిన ఎండలోంచి వచ్చినవాడు అడిగేది చిల్డ్ బీరు. ఆ చలికి నాలుక మొద్దుబారుతుంది, సువాసనలు గ్లాసులోంచి పైకే రావు. అన్ని బీర్లూ ఒకేలా ఉన్నాయి అన్న మాట వినపడిందంటే కారణం చాలాసార్లు ఇదే. లాగర్ 4 నుంచి 6 డిగ్రీలు, గోధుమ బీరు 6 నుంచి 8, పేల్ ఏల్ (ఐపీఏ కంటే చేదు తక్కువున్నది), ఐపీఏ 7 నుంచి 10, స్టౌట్ (మాడ్చిన బార్లీతో కాచే నల్ల బీరు) 10 నుంచి 13 మధ్య ఉండాలి. వంటకి వాడే సూది థర్మామీటర్ ఒకటి దగ్గర ఉంచుకోండి. 26 డిగ్రీల ఏసీ గదిలో ఫ్రిజ్‌లోంచి తీసిన పెద్ద సీసా దాదాపు నాలుగు నిమిషాలకో డిగ్రీ చొప్పున వేడెక్కుతుంది, అంటే స్టౌట్‌ని పోయడానికి అరగంట ముందు బయట పెట్టాలి. గ్లాసులో పోసిన 100 మిల్లీలీటర్ల సంగతి వేరు. పది నిమిషాల్లో ఐదారు డిగ్రీలు ఎక్కేస్తుంది. అందుకే అన్ని రకాలూ ముందే పోసి వరసగా పేర్చొద్దు. ఒక రకం పోసి, మాట్లాడి, తాగి, తర్వాతది పోయాలి. రకానికి పావుగంట చాలు. కరెంటు పోయో, సరుకు ఆలస్యంగా వచ్చో ఫ్రిజ్ సమయం చాలకపోతే, ఐస్ బాక్సులో ఐసు, నీళ్లు సగం సగం పోసి సీసాల్ని మెడదాకా ముంచండి. అరగంటలోపే చల్లబడతాయి. ఉత్తి ఐసులో అంతకంటే ఆలస్యమవుతుంది, సీసా చుట్టూ గాలి మిగిలిపోతుంది కాబట్టి.

గ్లాసులు 200 మిల్లీలీటర్లవి, మూతి కాస్త లోపలికి వంగినవి దొరికితే మేలు. చిన్న వైన్ గ్లాసులు బాగా పనికొస్తాయి. సగమే నింపాలి, మిగతా సగం సువాసన నిలవడానికి. ఫ్రీజర్‌లో పెట్టి మంచు పట్టించిన గ్లాసులు వద్దు. ఆ మంచు కరిగి బీరు పలచబడుతుంది, నురగ ఎగతన్నుతుంది. అప్పుడే వేడినీళ్లతో కడిగి తెచ్చినవీ వద్దు. శుభ్రంగా ఉన్నాయో లేదో తేల్చడానికి తడి గ్లాసు లోపల సన్న ఉప్పు చల్లండి. అంతటా సమంగా అంటితే శుభ్రం, ఖాళీ మచ్చలు కనిపించిన చోట జిడ్డుంది. బీరు పోశాక బుడగలు గ్లాసు గోడకి అతుక్కుని ఉంటే అదీ జిడ్డు గుర్తే. చికెన్ వేపుడు ప్లేట్లు తోమిన పీచుతోనే గ్లాసులు తోమితే వచ్చే తంటా ఇది. గ్లాసుల పీచు వేరుగా పెట్టించండి. గుడ్డతో తుడవకుండా స్టాండు మీద బోర్లించి ఆరనివ్వండి, గుడ్డ వాసన గ్లాసుకి పట్టకుండా.

వరస తేలికనుంచి బరువుకి: లాగర్, గోధుమ బీరు, పేల్ ఏల్, ఐపీఏ, స్టౌట్. చేదు ఎక్కువున్నది ముందు పోస్తే వెనకవన్నీ చప్పగా తోస్తాయి. స్ట్రాంగ్ బీరు పెట్టాలనుకుంటే స్టౌట్ స్థానంలో చివర పెట్టండి. 8 శాతం బీరైతే 100 బదులు 60 మిల్లీలీటర్లు. గోధుమ బీరు పోసేటప్పుడు ఒక జాగ్రత్త. దాంట్లో ఈస్ట్ (బీరుని పులియబెట్టేది) అడుగున పేరుకుంటుంది. అలాగే పోస్తే మొదటి గ్లాసు తేటగా, ఆఖరిది మబ్బుగా వస్తుంది, రుచి కూడా మారిపోతుంది. మూత తీయకముందు సీసాని టేబుల్ మీద పడుకోబెట్టి రెండు మూడు సార్లు మెల్లగా దొర్లించండి. లేదంటే సీసాలన్నీ ఒక జగ్గులో వంచి అందులోంచి పోయండి. ఆటోలో కుదుపులు తిన్న సీసాలు మాత్రం కొంతసేపు కదపకుండా నిలబెట్టి ఉంచకపోతే నురగే ఎక్కువ వస్తుంది.

ప్రతి బీరుకీ రెండు నిమిషాల పరిచయం చాలు. లాగర్‌లో ఒక రకమైన బంగారు రంగు పిల్స్‌నర్ 1842లో ఇప్పటి చెక్ దేశంలోని ప్ల్జెన్ ఊళ్లో మొదలైంది. బెల్జియం గోధుమ బీరు దాదాపు కనుమరుగైన రోజుల్లో, 1966లో పియర్ సెలిస్ హూగార్డెన్ ఊళ్లో దాన్ని మళ్లీ కాచాడు. ధనియాలు, నారింజ తొక్క అందులో పడతాయి. జర్మనీలో గోధుమ బీరు అనిపించుకోవాలంటే మాల్టులో (మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యంలో) సగమైనా గోధుమ ఉండాలి. అమెరికా పేల్ ఏల్‌లో వచ్చే పంపరపనస వాసన కాస్కేడ్ లాంటి హాప్స్‌ది, ఆ రకం 1972లో విడుదలైంది. ఇంతకు మించితే జనం ఫోన్లు తీస్తారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం వాసన గిన్నెలు. ఖర్చు దాదాపు ఉండదు, అదే సాయంత్రాన్ని నిలబెడుతుంది. మూతలున్న చిన్న స్టీలు గిన్నెలు ఎనిమిది తీసుకోండి. ఒకదాంట్లో నలిపిన ధనియాలు, ఒకదాంట్లో నాలుగు లవంగాలు, తర్వాత బాగా ముగ్గిన అరటిపండు ముక్క, నారింజ తొక్క, పంపరపనస తొక్క, వేయించిన కాఫీ గింజలు, మాడ్చిన బ్రెడ్ అంచు, వెన్న. పావుగంట ముందే మూత పెట్టి ఉంచండి. బీరు వాసన చూశాక ఈ గిన్నెలు చేతులు మారుతుంటే, ఏదో తెలిసిన వాసనలా ఉంది అన్నవాళ్లే లవంగం అని పేరు పెట్టి చెబుతారు. జర్మన్ గోధుమ బీరులో అరటిపండు, లవంగం వాసన రావాల్సిందే, అది ఈస్ట్ తయారు చేసేది. ఈ ముక్క ముందే చెప్పకపోతే బీరు పులిసిపోయిందని ఒకరిద్దరు పక్కన పెట్టేస్తారు. వెన్న గిన్నె దోషం గుర్తుపట్టడానికి. లాగర్‌లో వెన్న వాసన వస్తే పులియడం సరిగ్గా ముగియలేదనో, పీపాలోంచి బీరు వచ్చే ట్యాప్ గొట్టం కడగలేదనో అర్థం. ట్యాప్ బీరు పోసే చోటైతే గొట్టాలు రెండు వారాలకోసారి కాస్టిక్ ద్రావణంతో కడుగుతున్నారో లేదో అడగండి.

ఎండ చేసే పని చూపించాలంటే నాలుగింటికి అదనపు సీసా ఒకటి విప్పి, తెల్ల గాజు గ్లాసులో లాగర్ పోసి పావుగంట ఎండలో పెట్టండి. తర్వాత మూతపెట్టి చల్లబరచి, నీడలో ఉంచిన బీరు పక్కన వాసన చూపించండి. హాప్స్ చేదు మీద వెలుతురు పడి ఇంగువకీ వెల్లుల్లికీ మధ్య ఉండే గంధకపు వాసన వస్తుంది. ముదురు గోధుమరంగు సీసాలు వాడేది ఇందుకే. కొన్ని కంపెనీలు వెలుతురుకి మారని హాప్ సారం వాడతాయి, వాటిలో ఈ వాసన పుట్టదు. ముందురోజే ఒకసారి చేసి చూసుకోండి.

డిపోలో నాలుగు రకాలే దొరికితే ఐదో రకం బదులు మూడు గ్లాసుల పరీక్ష పెట్టండి. రెండు లాగర్లు తీసుకుని, రెండు గ్లాసుల్లో ఒకటి, మూడో దాంట్లో ఇంకొకటి, 40 మిల్లీలీటర్ల చొప్పున పోసి, వేరుగా ఉన్నదేదో చెప్పమనండి. గుడ్డిగా చెప్పినా ముగ్గురిలో ఒకరు సరిగ్గా చెబుతారు. పదహారు మందిలో తొమ్మిది మంది పట్టుకుంటే తేడా నిజంగా ఉందనుకోవచ్చు. సీసాలకు న్యూస్ పేపర్ చుట్టి నంబర్లు వేయండి, లేకపోతే లేబుల్ చూసే తీర్పు చెప్పేస్తారు. ఈ రౌండు మాత్రం నోరు తాజాగా ఉన్నప్పుడు, మొట్టమొదట పెట్టాలి.

గదిలో వాసనలు లేకుండా చూడండి. క్యాష్ కౌంటర్ దగ్గర వెలిగించిన అగరుబత్తి, దోమల చక్రం, పక్క టేబుల్ సిగరెట్టు, గాఢమైన సెంటు, ఏదైనా ఐపీఏని మింగేస్తుంది. మల్లెపూలు పెట్టుకొచ్చినవాళ్లను నొప్పించకుండా టేబుల్ చివర, ఏసీ గాలి అవతలికి వీచే వైపు కూర్చోబెట్టండి. మంగళవారమో బుధవారమో సాయంత్రం ఆరున్నరకి మొదలుపెడితే బారు ఖాళీగా ఉంటుంది, వంటగదిలోంచి ఉల్లిపాయల పోపు వాసన కూడా తక్కువ.

మంచింగ్ విషయంలో గట్టిగా ఉండాలి. ఐదు గ్లాసులూ అయ్యేదాకా మంచినీళ్లు, సాదా బ్రెడ్, ఉప్పూకారం లేని మరమరాలు, అంతే. కారం నీళ్లలో కరగదు, కాబట్టి బీరుతో కడిగినా నోట్లోంచి పోదు. పైగా ఆల్కహాల్, గ్యాసు రెండూ ఆ మంటని పెంచుతాయి, హాప్స్ చేదు ముల్లులా గుచ్చుకుంటుంది. గుంటూరు తేజ మిర్చి పడిన ఒక్క చికెన్ ముక్క తిన్నాక అరగంటదాకా ఏ బీరు గురించీ నమ్మదగిన మాట రాదు. టేస్టింగ్ అయ్యాక అసలు తిండి తెప్పించండి. కారం వంటకాలకి లాగర్ సరైన జోడీ, దాంట్లో చేదు తక్కువ. గోధుమ బీరుకి పునుగులు, కొబ్బరి చట్నీ. పేల్ ఏల్‌కి కారం తగ్గించిన రొయ్యల వేపుడు. స్టౌట్‌తో బెల్లం పూతరేకు తినిపించండి. మాడిన బార్లీ చేదు, బెల్లం, నెయ్యి కలిసి కుదిరినంత బాగా ఇంకేదీ కుదరదు.

ప్రతి ఇద్దరి మధ్యా ఒక పారబోసే గిన్నె ఉంచి, నచ్చనిది అందులో ఒంపేయడం తప్పు కాదని మొదట్లోనే చెప్పండి. బండి విషయం కూడా అప్పుడే చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటకూడదు. రెండు గంటల్లో ఈ అర లీటరు తాగిన మనిషి, ముఖ్యంగా బరువు తక్కువైతే, ఆ గీత దాటే అవకాశం ఉంది. మొదటిసారి దొరికితేనే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. వారధి దాటి గుంటూరు వెళ్లాల్సినవాళ్లుంటే పేర్లు ముందే రాసుకుని, డ్రైవర్‌తో కారు మాట్లాడి ఆ ఖర్చు వాళ్లకు పంచండి.

ఫీజు కట్టడం తేలిక. అదనపు సీసాలతో సహా బీరు ఖర్చు, తిండి, పోసే ఇద్దరికీ ఇచ్చేది, విరిగే గ్లాసులకు కొంత కలిపి పద్నాలుగుతో భాగించండి. పదహారు మంది వస్తామంటే ఇద్దరు రారు. డబ్బు రెండు రోజుల ముందే బారుకి కట్టించుకుంటే ఆ ఇద్దరి బదులు వేరేవాళ్లను పిలుచుకోవచ్చు. మొదటిసారి మాత్రం ఎనిమిది మందితో, రకానికి రెండు పెద్ద సీసాలతో, పోసేవాళ్లు ఒక్కరితో నడిపి చూడండి. బారు ఫ్రిజ్ ఎంత చల్లగా ఉంటుందో, గ్లాసులు ఎలా కడుగుతున్నారో ఆ సాయంత్రమే తెలిసిపోతుంది.