అమ్మని ఇంటికి తెచ్చుకుంటున్నావటగా

ఒరేయ్ నానీ,

ఆఫీసుకి మూడు నెలలు సెలవు పెట్టి మా అక్కని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేస్తున్నావని కోడలు చెప్పింది. నువ్వు చెప్పలేదు, సరే, ఆ తిట్లు తర్వాత. వినగానే గర్వంగానే అనిపించింది కానీ ఫోన్ పెట్టేశాక తెల్లార్లూ నిద్ర పట్టలేదు.

గాలి పరుపు తెప్పించు. రెండు గంటలకోసారి పక్కకి తిప్పు. తిననంటే బలవంతం చెయ్యకు, పెదాలు తడుపుతూ ఉండు. ఇవన్నీ నర్సు ఎలాగూ చెబుతుంది.

నా భయం వేరే. 2016లో మీ బాబాయికి కేన్సర్ ఎముకలకి పాకాక డాక్టర్ నొప్పికి మార్ఫిన్ బిళ్ళలు రాశారు, నాలుగు గంటలకోసారి. చుట్టం ఒకాయన చూసి, అది మత్తుమందమ్మా, అలవాటైపోతుంది, మనిషి తొందరగా పోతాడు కూడా అన్నాడు. నమ్మాను రా, డిగ్రీ చదివినదాన్ని. బిళ్ళలు బియ్యం డబ్బా వెనక దాచి, ఆయన ఇక నావల్ల కాదన్నప్పుడే సగం విరిచి ఇచ్చేదాన్ని. కొన్నాళ్ళకి ఆయన అడగడం మానేశారు. తగ్గిందనుకున్నాను. పదకొండో రోజు దుప్పటి ఉతకబోతే దాని అంచు పొడుగునా నమిలేసి ఉంది, దారాలు వేలాడుతూ.

నర్సు వచ్చి నన్ను కడిగేసింది. నొప్పి వచ్చాక కాదమ్మా, గడియారం చూసి ఇవ్వాలి, డాక్టర్ చెప్పిన లెక్కలో ఇస్తే వ్యసనమూ కాదు, ప్రాణమూ తీయదు అంది. మలబద్ధకం మాత్రం ఖాయం, దానికి మందు మొదటి రోజు నుంచే వెయ్యాలి.

మూడు రోజులకి ఆయన కంటినిండా నిద్రపోయి లేచి, కాయలొచ్చాయా అన్నారు. కత్తిపీట మంచం పక్కకే తెచ్చుకున్నాను. ప్రతి ముక్కకీ టెంక ఉండాలే అని ఒకటే గొడవ. ఆవకాయ కలిపి నాలిక మీద చుక్క పెడితే, ఉప్పు తక్కువైంది అన్నారు. నిజంగానే తక్కువైంది. అన్ని నెలలుగా గుడ్డలు, బిళ్ళలు, బిల్లులు తప్ప ఏమీ కనపడని నాకు, ఈ మనిషి ఇంకా ఇక్కడే ఉన్నాడు, నేనూ ఉన్నాను అనిపించింది ఆ మధ్యాహ్నమే. ఆ పదకొండు రోజుల్లో అలాంటివి ఇంకెన్ని పోగొట్టుకున్నానో.

అమ్మ రుణం తీర్చుకుంటున్నానన్నావట. ఏం రుణం రా, ప్రామిసరీ నోటేమన్నా రాసిచ్చావా? అలా అనుకుంటే నెల తిరక్కుండా విసుగొస్తుంది, విసుగొచ్చినందుకు మళ్ళీ నిన్ను నువ్వే తిట్టుకుంటావు. నేను ఒకరోజు ఆయన మీద అరిచాను కూడా. అరిచి, వెళ్ళి పాలు కాచుకొచ్చాను. అమ్మ పక్కన ఊరికే కూర్చో, పాత ఊసులు చెప్పించుకో.

2014లో మత్తుమందుల చట్టం మార్చాక మార్ఫిన్ కాస్త తేలికగా దొరుకుతోంది కానీ, ప్రతి మందుల షాపులోనూ ఉండదు. అయిపోవడానికి వారం ముందే చూసుకో. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎమ్‌ఎన్‌జె కేన్సర్ ఆసుపత్రి ఉందిగా, అందులో నొప్పీ బాధా తగ్గించి చూసుకునే పాలియేటివ్ విభాగం ఉంది, వెళ్ళి అడుగు. బిళ్ళలు ఎక్కడ పెట్టావో కోడలికి కూడా చూపించు.

శనివారం రాత్రి గౌతమి రైలుకి బయల్దేరుతున్నా. రాత్రి కాపలా నాది, నువ్వు పడుకో. నేనొస్తున్నానని అక్కకి చెప్పకు, ఆ ఒంటితోనే ఇల్లు సర్దించడం మొదలుపెడుతుంది.

పిన్ని