కలబంద మొదళ్లు కుళ్లుతుంటే ముందు డ్రిప్ ఆపండి

ప్రశ్న: ఎకరం ఎర్రనేలలో కలబంద వేసి ఆరు నెలలైంది. రోజు విడిచి రోజు డ్రిప్ వదులుతున్నాను. ఈ మధ్య వారం పాటు వానలు పడ్డాక కొన్ని మొక్కల ఆకులు మొదట్లో మెత్తబడి, పట్టుకుంటే చేతిలోకి ఊడి వస్తున్నాయి. చెడు వాసన వస్తోంది. వానలకు ముందే మెరక మీది మొక్కలు కొన్ని ఎర్రబడ్డాయి. ఏ మందు కొట్టాలి?
– ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: మొదలు మెత్తబడి వాసన వస్తోందంటే అది బ్యాక్టీరియా వల్ల వచ్చే మెత్తకుళ్లు. కుళ్లిన మొక్కను ఏ మందూ బతికించలేదు. దాని మీద డబ్బు పోగొట్టుకోవద్దు. వేళ్లతో సహా పీకి చేను బయట పూడ్చేయండి. చుట్టుపక్కల మొక్కలకు లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ల దగ్గర మాత్రమే పోయండి. ఆకు గుజ్జును మనుషులు తాగుతారు, ఒంటికి రాసుకుంటారు కాబట్టి ఆకుల మీద పిచికారీ వద్దు.

అసలు కారణం నీరు. కలబంద మిగతా పైర్లలా పగలు కాదు, రాత్రి చల్లబడ్డాక ఆకు రంధ్రాలు తెరుస్తుంది. అందుకే దాని నుంచి ఆవిరైపోయే నీరు చాలా తక్కువ. రోజు విడిచి రోజు తడి దానికి ఎక్కువే, పైగా వానలు. ఇప్పుడు డ్రిప్ పూర్తిగా ఆపండి. నాలుగు అంగుళాలు తవ్వి చూసి, మట్టి పొడిగా ఉంటేనే మళ్లీ వదలండి. నీరు నిలిచే చోట వెంటనే కాలువ తీయండి. నేల తడిగా ఉన్నప్పుడు కలుపు తీయించకండి. పార తగిలిన గాయంలోంచే కుళ్లు లోపలికి పోతుంది.

మెరక మీది ఎరుపు తెగులు కాదు. ఎండకు, నీటి ఎద్దడికి అలా మారుతుంది. ఈ వానతో మెల్లగా పచ్చబడుతుంది, దాని గురించి టెన్షన్ వద్దు.

ఖాళీల్లో మళ్లీ నాటాలంటే తెగులు లేని మొక్కల పిలకలే తీసుకోండి. వేరు చేశాక రెండు మూడు రోజులు నీడలో ఆరబెడితే గాయం మానుతుంది. ఆ తర్వాత ఎత్తు బోదెల మీద నాటండి. కుళ్లిన గుంటలోనే మాత్రం వద్దు.

మరో రెండు నుంచి నాలుగు నెలల్లో మొదటి కోత వస్తుంది. ఆకులు తడి లేనప్పుడు, శుభ్రమైన కత్తితో అడుగున ఉన్న మూడు నాలుగు ముదురు ఆకులే కోయండి. కోసిన ఆకు ఎక్కువసేపు నిలవదు. కాబట్టి కొనేవాళ్లతో ఇప్పుడే మాట్లాడి, ధర కాగితం మీద రాయించుకోండి. అంతవరకు రెండో ఎకరం వేయకండి.