'పట్టు' కాస్తా 'వట్టు' అయిపోతోంది!

ప్రశ్న: మాది బరంపురం. మా పట్టుచీరల కొట్టుకి 10 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తుతో బోర్డు చేయిస్తున్నాం. ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడూ అందులోనే పట్టాలి. ఇంగ్లీషు ఇంపాక్ట్ ఫాంట్‌లో బ్రహ్మాండంగా వచ్చింది. తెలుగు పేరు పట్టకపోతే ఫ్లెక్స్ షాపు అబ్బాయి పక్కల నుంచి నొక్కి, బోల్డ్ చేశాడు. దూరం నుంచి చూస్తే 'పట్టు' 'వట్టు'లా ఉంది సార్. తెలుగులో ఇంపాక్ట్ లాంటిది లేదా?
— ఓ పాఠకుడు, గంజాం జిల్లా

జవాబు: ఇంకా ప్రింట్ అయిపోకపోతే ముందు ఆ ఫైల్ ఆపించండి. ఈ బాధ నాకు బాగా తెలుసు. పర్లాకిమిడిలో ఆగస్టు 29న గిడుగు జయంతికి మేం కట్టిన బ్యానర్‌లో 'రామమూర్తి పంతులు' అచ్చం 'వంతులు'లా కనిపించింది, ఆయన పాఠాలు చెప్పిన ఊళ్లోనే అలా జరిగిందని నాకు ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఎందుకలా అవుతుందంటే, అక్షరాన్ని పక్కల నుంచి నొక్కితే నిలువు గీతలు సన్నబడతాయి, అడ్డగీతలు మాత్రం అలాగే మందంగా ఉంటాయి. అది కప్పిపుచ్చడానికి చుట్టూ అవుట్‌లైన్ వేస్తారు, దాంతో లోపలి ఖాళీలు పూడిపోతాయి. 'ప'కి తలకట్టు విడిగా ఉంటుంది, 'వ'కి అంటుకుని ఉంటుంది, తేడా అంతా ఆ కాస్త సందులోనే ఉంది కదా, అదే పోతే ఇంకేం మిగులుతుంది?

ఇంపాక్ట్‌ని ఎవరూ నొక్కి చేయలేదు. 1965లో జెఫ్రీ లీ దాన్ని మొదటి నుంచీ ఇరుకుగా, లావుగానే గీశాడు. పైగా ఇంగ్లీషు పెద్దక్షరాలకి పైన గుడి, కింద ఒత్తు ఉండవు కాబట్టి వరసలు దగ్గర దగ్గరగా పేర్చేయొచ్చు. మనకి అలా కుదరదు. 'వస్త్రాలయం' రాసి చూడండి, 'స్త్రా' ఒక్కటే పైన దీర్ఘం, కింద రెండు ఒత్తులతో ఎంత ఎత్తు తినేస్తుందో!

మీకు నేను చెప్పేది అనేక్ ఫాంట్. ముంబైకి చెందిన ఏక్ టైప్ వాళ్లు 2022లో విడుదల చేశారు, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడింటికీ ఉంది, మూడింట్లోనూ కండెన్స్‌డ్ వెడల్పు (అంటే ఇరుకుగానే గీసిన రూపం) ఉంది, అంటే బోర్డంతా ఒకే చేతిరాతలా కలిసిపోతుంది. తెలుగుకి కండెన్స్‌డ్‌లో బోల్డ్ తీసుకోండి, ఎక్స్‌ట్రాబోల్డ్ దాకా వెళ్లొద్దు. ఇంగ్లీషుని పెద్దక్షరాల్లో చిన్నగా కిందికి దించి, మిగిలిన ఎత్తు తెలుగు వరసకి ఇవ్వండి.

ఒక జాగ్రత్త. ఇది యూనికోడ్ ఫాంట్, షాపులో పాత సాఫ్ట్‌వేర్ ఉంటే ఒత్తులు విడిపోవచ్చు, కాబట్టి అక్షరాలు సరిగ్గా వచ్చే సిస్టంలో టైప్ చేయించి, కర్వ్స్ చేసిన (అంటే అక్షరాలను గీతల బొమ్మలుగా మార్చిన) ఫైల్ ఇవ్వండి. ఆ తర్వాత 'పట్టు' అన్న ఒక్క మాటని అసలు సైజులో కాగితం మీద తీయించి కొట్టు ముందు అతికించి, రోడ్డు అవతల నుంచి మీ ఇంట్లో పెద్దవాళ్లతో చదివించండి. వాళ్లు తడుముకోకుండా చదివితే ప్రింటుకి ఇచ్చేయండి.